ముక్కును నమ్ముకుంటే

మిరపకాయ మంచిది. నిప్పులో పడిందంటే ఊరందరికీ చెబుతుంది. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ తగలబడితే రెండు వీధుల అవతలి ఆడవాళ్లు కూడా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పరుగెత్తుతారు. లోపలికి వెళ్లే ఫైర్ సిబ్బందికి మాస్కు తగిలించుకోమని ఎవరూ చెప్పక్కర్లేదు. నా భయమంతా పత్తి గురించే.

బేలుగా నొక్కిన దూదిలోకి నీళ్లు సులువుగా దిగవు. పైన ఆరినట్టే ఉంటుంది, లోపల నిప్పు గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి కుములుతూనే ఉంటుంది. గాలి చాలక కుమిలే నిప్పు కార్బన్ మోనాక్సైడ్‌ను ఎక్కువగా వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు. నెత్తురులోకి చేరిందంటే ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మంటలు ఆరాక బేళ్లు విప్పి పరిచేటప్పుడు, పొగ పలచబడింది గదా, ఉక్కపోస్తోంది గదా అని మాస్కు తీసేస్తారు చూడండి, అసలు ప్రమాదం అప్పుడే. 2018 జూలైలో తాడిపత్రి ఉక్కు కర్మాగారంలో ఆరుగురు కార్మికుల్ని పొట్టనబెట్టుకున్నదీ ఈ గాలే.

ఫ్యాక్టరీల సంగతి మనకెందుకు అనుకోవద్దు. పొదిలి చుట్టుపక్కల మెట్ట చేలల్లో బావి తవ్వినవాళ్లకు ఈ గాలి కొత్తది కాదు. గట్టు మీద పెట్టిన పంపు ఏడెనిమిది మీటర్ల లోతు నుంచే నీళ్లు పీల్చగలదు. నీళ్లు అంతకంటే కిందికి జారితే ఇంజనునే కిందికి దించాలి. అందుకని బావి గోడ పక్కన మెట్టు తొలిచి, దాని మీద ఆయిల్ ఇంజను కూర్చోబెట్టేవాళ్లు. ఇంజను ఆగిందేమిటా అని ఒకాయన దిగుతాడు. ఆయన పలకలేదేమని కొడుకు దిగుతాడు. ఊళ్లో దాన్ని ‘విషవాయువు’ అనేవాళ్లు, ఇంకొందరు బావిలో ఏదో ఉందనేవాళ్లు. ఉన్నది పొగగొట్టంలోంచి వచ్చిందే. ఇప్పుడు బోర్లొచ్చి ఇంజన్లు పోయాయి. పాడుబడ్డ బావులు మాత్రం చెత్తతో, కుళ్లుతో అలాగే ఉన్నాయి. మేకపిల్ల పడిందనో, పూడిక తీయాలనో ఇప్పటికీ దిగుతున్నారు.

పెద్దవాళ్లు లాంతరు దించి చూసేవాళ్లు, ఆరిపోతే దిగేవాళ్లు కాదు. తెలివైన పనే. గాలిలో సుమారు 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ 16 దగ్గరకు పడితే దీపం ఆరుతుంది. కానీ మోనాక్సైడ్ మనిషిని పడగొట్టే మోతాదులో ఉన్నా దీపం హాయిగా వెలుగుతూనే ఉంటుంది. మురుగు గుంతలోకైతే దీపం దించడమే ప్రమాదం, మీథేన్ ఉంటే భగ్గుమంటుంది. అక్కడుండే హైడ్రోజన్ సల్ఫైడ్ మరీ మాయదారిది. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్ల కంపు. పది లక్షల పాళ్లలో వంద పాళ్లకు చేరితే కాసేపటికి ముక్కే మొద్దుబారుతుంది. కంపు తగ్గిందని మనం సంబరపడతాం.

కోవిడ్ మాస్కు, తడిపిన తువ్వాలు ఇక్కడ ఎందుకూ కొరగావు. డబ్బా బిగించిన ఫిల్టర్ మాస్కు కూడా ఉన్న గాలిని వడకట్టేదే గానీ, లేని ఆక్సిజన్‌ను పుట్టించదు. గాలిని వీపున మోసుకుని వెళ్లాల్సిందే.

ఆ మోసుకెళ్లే సెట్టును చేతులతో పట్టుకుని చూడాలంటే ఏప్రిల్ 14 నుంచి వారం రోజులు జరిగే అగ్నిమాపక వారోత్సవాలకు వెళ్లండి. 1944లో అదే తేదీన బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలి అరవై మందికి పైగా ఫైర్ సిబ్బంది చనిపోయారు. ఆ ఓడలో పేలుడు సామగ్రితో పాటు ఉన్నది, అవును, పత్తి బేళ్లే.

సెట్టు సిలిండర్లో ఉండేది ఆక్సిజన్ అనుకుంటారు చాలామంది. కాదు, మామూలు గాలే, నొక్కి పట్టినది. ఆరు లీటర్ల సిలిండర్లో 300 బార్ల ఒత్తిడితో 1800 లీటర్లు. కష్టపడి పనిచేసే మనిషి నిమిషానికి 40 లీటర్లు పీలిస్తే 45 నిమిషాలు. భయపడ్డవాడికి అంతసేపు రాదు. 55 బార్ల దగ్గర ఈల మోగుతుంది. అప్పటికి మిగిలింది 330 లీటర్లు, అంటే ఎనిమిది నిమిషాలు. లోపలికి పోవడానికే పది నిమిషాలు పట్టినవాడికి ఆ ఈల దేనికి? ఈ లెక్క చెప్పిన రిటైర్డ్ ఫైర్‌మన్ తేల్చేశాడు: “ఈల విని బయల్దేరకూడదన్నా. ఈల మోగేసరికి బయటుండాల.”

ఆయన సెట్టు పరీక్షించే తీరు చూడాలి. సిలిండర్ వాల్వు తెరిచి మీటరు చూస్తాడు. మూసేసి, మాట్లాడకుండా ఒక నిమిషం ముల్లును చూస్తాడు. పది బార్ల కంటే ఎక్కువ పడితే ఎక్కడో కారుతున్నట్టే, ఆ సెట్టు పక్కకు. తర్వాత గాలిని మెల్లగా వదులుతూ ఈల ఎక్కడ మోగుతుందో వింటాడు. మాస్కు తగిలించి, గొట్టం మూతిని అరచేత్తో మూసి ఊపిరి లాగుతాడు. మాస్కు బుగ్గలకు అతుక్కుని నిలవాలి. వారం గడ్డం ఉన్నా నిలవదు. మీవాళ్లంతా రోజూ గీసుకుంటారా అనడిగితే, “పెళ్లిచూపులకైనా గడ్డంతో పోతాంగానీ డ్యూటీకి పోమన్నా” అన్నాడు.

వాడాక మాస్కును గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టాలి. ఎండకు రబ్బరు పెళుసెక్కుతుంది. ఊపిరి వదిలే చోట ఉండే పలచటి రేకులో ఉమ్మి ఎండి గట్టిపడితే అది సరిగ్గా మూసుకోదు. గాలి నింపే కంప్రెసర్ పక్కన డీజిల్ బండి ఆగి ఉంటే, దాని పొగే సిలిండర్లోకి ఎక్కుతుంది. బావిలో మనిషిని చంపిన గాలినే వీపున కట్టుకుని వెళ్లినట్టు!

2018 ఫిబ్రవరిలో పలమనేరు దగ్గర మొరంలో, ఒక కోళ్ల హేచరీ వ్యర్థాల ట్యాంకులో ఒకరి కోసం ఒకరు దిగి ఏడుగురు పోయారు. 2013 చట్టం మురుగు గుంతల్లోకి రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడాన్ని నేరమంది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబానికి పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. ఒక సెట్టుకూ ఒక గ్యాస్ మీటరుకూ అందులో పదోవంతు చాలు.

అయినా మన ఊళ్లల్లో బావి గట్టు మీద సెట్టు ఉండదు, 101కు ఫోన్ చేస్తే అది వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడమే ఎవరి వల్లా కాదు, లోపలున్నది తమ్ముడో కొడుకో. అందుకని దిగేవాడి చంకల కిందుగా మోకు ముందే కట్టి, రెండో కొస పైన ఇద్దరు పట్టుకోవాలి. పలకలేదంటే ఎవరూ దిగకుండానే లాగేయొచ్చు.