కన్నమదాసు వేషం ఎవరు వేశారు?

పల్నాటి వాళ్ళు నలుగురు కూడిన చోట 'పల్నాటి యుద్ధం' సినిమా మాట వస్తే పది నిమిషాల్లో అది పోటీ అయిపోతుంది. పాతదా, కొత్తదా? కొత్తదంటే 1966 నాటిది. దానికీ దగ్గర దగ్గర అరవయ్యేళ్ళు. అయినా మా వైపు అది ఇప్పటికీ కొత్తదే. బ్రహ్మనాయుడంటే గోవిందరాజుల సుబ్బారావే అంటారు ఒకరు. రామారావు ముందు ఇంకెవరూ నిలవరంటారు ఇంకొకరు. నాగమ్మగా కన్నాంబా, భానుమతా? బాలచంద్రుడుగా నాగేశ్వరరావా, హరనాథా? మాంచాలగా ఎస్. వరలక్ష్మా, జమునా? నరసరావుపేట హాస్టలు గదుల్లో, మాచర్ల బస్టాండు టీకొట్ల దగ్గర ఈ వాదన మేము ఎన్నోసార్లు విన్నాం. మేమూ చేశాం. ఒకసారి మాలో ఒకరు ఊరికే అడిగారు: సరేగానీ, కన్నమదాసు వేషం ఎవరు వేశారు?

వాదన ఆగిపోయింది. పాతదాని సంగతి ఎవరూ చెప్పలేదు. కొత్తదానికి ఒకాయన ఒక పేరు చెప్పాడు, పక్కనున్నాయన అది కాదన్నాడు. వెతికితే ఆ పేరు దొరుకుతుంది, అదేం బ్రహ్మవిద్య కాదు. కానీ నాలుగు పాత్రల నటుల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెప్పే జనం, బ్రహ్మనాయుడి సేనాని దగ్గరికొచ్చేసరికి తడుముకోవటం ఏంది? అక్కడున్న వాళ్ళలో సగం మంది మాల, మాదిగ పల్లెల పిల్లలే. తడుముకున్న వాళ్ళలో మేమూ ఉన్నాం. ఈ వ్యాసం అక్కణ్ణించి మొదలైంది.

ముందు రెండు సినిమాల సంగతి. 1947 చిత్రాన్ని మొదలుపెట్టింది గూడవల్లి రామబ్రహ్మం. ఆయన 1946లో చనిపోతే మిగతాది ఎల్.వి. ప్రసాద్ పూర్తి చేశారు. 1966 చిత్రానికి దర్శకుడు గుత్తా రామినీడు. రెండింటి మధ్య పంతొమ్మిదేళ్ళు. స్వాతంత్ర్యం వచ్చింది, రాజ్యాంగం వచ్చింది, అంటరానితనం 17వ అధికరణం కింద రద్దయింది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఇన్ని జరిగాక అదే కథని మళ్ళీ తీస్తే అందులో ఎవరి చోటు మారాలి? విమర్శకులు ఈ ప్రశ్న అడగలేదు. పాటలు బాగున్నాయా, భానుమతి గొంతు ఎట్లా ఖంగుమంది, యుద్ధం సీన్లు ఎట్లా తీశారు అనే లెక్కలే వేశారు. రీమేకు మీద ప్రేక్షకుడి స్పందన అంటే నటుల పోలిక అనే అలవాటు అప్పుడే స్థిరపడింది.

రామబ్రహ్మాన్ని తేలిగ్గా తీసెయ్యటానికి వీల్లేదు. 1938లో 'మాలపిల్ల' తీసినాయన. పేరులోనే కులం పెట్టి, కాంచనమాలను కథానాయిక చేసి, గుడి ప్రవేశాన్ని తెర మీదికి తెచ్చాడు. కథ చలంది. ఆ సినిమాలో సుందరరామశాస్త్రి వేసిన గోవిందరాజుల సుబ్బారావే తొమ్మిదేళ్ళ తర్వాత బ్రహ్మనాయుడయ్యాడు. ఇది కాకతాళీయం అనుకోవచ్చు, మాకు మాత్రం అట్లా అనిపించదు. 'మాలపిల్ల'లో పెద్దకులపు పెద్దమనిషి మనసు మారాలి. పల్నాటి కథలో మనసు ముందే మారిన పెద్దమనిషి దొరికాడు. హరిజనోద్ధరణ కాలానికి బ్రహ్మనాయుడు తయారుగా దొరికిన నాయకుడు: అన్ని కులాల్నీ ఒక చాప మీద కూచోబెట్టి చాపకూడు పెట్టినవాడు, మాలవాణ్ణి పెంపుడు కొడుకుగా చేసుకున్నవాడు. పల్నాటి కథలో సంస్కరణ ఉంది, దాన్ని సంస్కర్తలు గుర్తుపట్టారు. అంతవరకు సరే. కానీ సంస్కర్త కథానాయకుడైనచోట అన్నం పెట్టే చెయ్యి తెర నిండా ఉంటుంది. తినేవాడు వరసలో ఒకడు. ఆ కొలత 1947లో కుదిరింది, 1966లో అగ్రనటుడి చుట్టూ మరింత బిగిసింది. బ్రహ్మనాయుడు పెద్దవాడైన కొద్దీ కన్నమదాసు ఆయన మంచితనానికి సాక్షిగా మిగిలాడు.

మా పల్లెల్లో ఈ సినిమాని ఎట్లా చూశారు? మా అమ్మమ్మలు, తాతలు టూరింగు టాకీసుల్లో నేల టికెట్టు మీద కూచుని చూసినవాళ్ళు. వాళ్ళు చెప్పిన సంగతుల్లో మాకు ఒకటి పదేపదే తగిలింది. వాళ్ళు సినిమా చూస్తూ సినిమాని సరిదిద్దేవాళ్ళు. తెర మీద బాలచంద్రుడు వీరావేశంతో మాట్లాడుతుంటే, వాళ్ళన్నోడు ఏడీ అని పక్కవాళ్ళని అడిగేవాళ్ళంట. వాళ్ళ లెక్కలో బాలచంద్రుడు చిన్నోడు, కన్నమదాసు పెద్దోడు. పెద్దోడు లేకుండా చిన్నోడు అన్ని మాటలెట్లా మాట్లాడతాడని వాళ్ళ సందేహం. కన్నమదాసు కనపడ్డప్పుడు నేలలోంచి ఈలలు లేచేవి, అంతలోనే మనిషి పక్కకి పోయేవాడు. మళ్ళీ ఎప్పుడొస్తాడా అని కూచునేవాళ్ళు. అదే హాల్లో కుర్చీల్లో కూచున్నవాళ్ళకి ఇది వేరే కథ. వాళ్ళు చూసింది బ్రహ్మనాయుడి పక్షమా నాగమ్మ పక్షమా అని. పెద్దకులాలకి పల్నాటి కథ ఎప్పుడూ తమ రెండు వర్గాల కొట్లాటే. ఎన్నికలప్పుడు ఇప్పటికీ ఆ పేర్లే వాడుకుంటారు. ఒకే బొమ్మ, ఒకే హాలు, టికెట్టు తరగతిని బట్టి రెండు సినిమాలు ఆడాయన్నమాట.

నేల జనానికి ఆ సరిదిద్దే ధైర్యం ఎక్కణ్ణించి వచ్చింది? వాళ్ళ దగ్గర సినిమాకంటే పాత ప్రతి ఒకటి ఉంది. పల్నాటి వీరుల కథని తరతరాలుగా పాడుతున్నది మాలలే. కారెంపూడిలో నాగులేటి దగ్గర వీరుల గుడి ఉంది, అరవై ఆరుగురు వీరులకి పూజ జరుగుతుంది. ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. వీరవిద్యావంతులు పంబ, తిత్తి పెట్టుకుని కథ చెబుతారు. పండితులకి తెలిసింది శ్రీనాథుడి పేరు మీద ఉన్న ద్విపద, 1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు అచ్చు వేయించింది. (పల్నాటి జొన్నకూడు మీద ఆ శ్రీనాథుడే విసుక్కున్నాడని చాటుపద్యాలు చెబుతారు. మా కూడు నచ్చకపోయినా మా కథ నచ్చింది, సంతోషం.) పాటకుడి దగ్గరికి పోయి కూచున్నది పరాయి దేశం మనిషి. అలిసెట్టి గాలెయ్య అనే మాల గాయకుడు పాడిన కథని అమెరికా పరిశోధకుడు జీన్ రోగేర్ రికార్డు చేసి, ఇంగ్లీషులోకి మార్చి 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకంగా తెచ్చాడు. మన విశ్వవిద్యాలయాల్లో చాలామంది విద్యార్థులకి గాలెయ్య పేరు తెలిసింది ఆ ఇంగ్లీషు పుస్తకం వల్లనే.

ఇక్కడ మేము మాకే ఒక అడ్డుప్రశ్న వేసుకోవాలి. పాటకులు మాలలు గనక కథ మాలల పక్షాన ఉందని అనేద్దామా? అట్లా అంటే అబద్ధమవుతుంది. మౌఖిక కథలో బ్రహ్మనాయుడు సాక్షాత్తు విష్ణువు అవతారం. కన్నమ పేరు చివర 'దాసు' ఉంది. ఆ విధేయత సినిమావాళ్ళు కొత్తగా తెచ్చి తగిలించింది కాదు, పంబ పాటలోనూ ఉంది. వీరాచారం కులాల్ని ఒక చాప మీదికి తెచ్చింది, ఆ చాపని విష్ణుభక్తి పేరు మీద పరిచింది. తేడా ఎక్కడుందంటే, పాట విడతలు విడతలుగా రాత్రుళ్ళు సాగుతుంది. ఎవరి ఘట్టంలో వాళ్ళు పెద్ద. వినేవాళ్ళు ఎవరి కథ కావాలంటే అది కాసేపు నిలబడుతుంది. పాడేవాడికి కన్నమ తనవాడు, వినేవాడికీ తనవాడు. సినిమాకి మూడు గంటలే, ఒక్కడే కథానాయకుడు. గుంపు కథని ఒక్కడి కథ చెయ్యటంలోనే కులం పని చేస్తుంది, దానికి దర్శకుడు కులపిచ్చివాడు కానక్కర్లేదు.

గుంపు కథల రీమేకుల్లో ఎవరి చోటు మారిందనే ప్రశ్న మన ఒక్కళ్ళదే కాదు. 1954లో జపాన్‌లో కురొసావా 'సెవెన్ సమురాయ్' తీశాడు. బందిపోట్ల నుంచి రైతుల ఊరిని కాపాడటానికి ఏడుగురు కత్తివీరులు వస్తారు. అందులో కికుచియో రైతు కొడుకు, వీరుడి వేషం వేసుకుని వాళ్ళలో చేరినవాడు. ఆ పాత్ర వేసింది తొషిరో మిఫూనే. చివర్లో చనిపోతాడు. 1960లో హాలీవుడ్ దాన్ని 'ది మాగ్నిఫిసెంట్ సెవెన్' అని కౌబాయ్ సినిమా చేసింది. ఊరు మెక్సికోకి మారింది, రైతుబిడ్డ చికో అయ్యాడు, ఈసారి బతికి ఆ ఊళ్ళోనే ఉండిపోయాడు. కానీ మెక్సికో రైతుబిడ్డ వేషం వేసింది జర్మన్ నటుడు హోర్స్ట్ బుకోల్జ్! ఇంకో ముచ్చట. అంతకుముందు ఒక హాలీవుడ్ సినిమాలో తమ జనాన్ని చూపించిన తీరుకి మండిపడ్డ మెక్సికో ప్రభుత్వం, ఈసారి తమ సెన్సారు మనిషిని షూటింగుకి పంపింది. అందుకే ఆ బీద రైతులు మట్టిలో పనిచేస్తూ కూడా తెల్లటి ఉతికిన బట్టల్లో ఉంటారు. అభ్యంతరం చెప్పే బలం ఉన్నవాడికి తెర మీద ఉతికిన బట్టలన్నా దక్కుతాయి. పల్నాటి పల్లెలకి అట్లాంటి సెన్సారు మనిషి ఎవరున్నారు?

2016లో ఆంటోయిన్ ఫుక్వా దాన్ని మళ్ళీ తీశాడు. ఏడుగురికి నాయకుడు నల్లజాతి డెంజెల్ వాషింగ్టన్. గుంపులో ఒక మెక్సికన్, ఒక కొరియా నటుడు, ఒక కమాంచీ ఆదివాసి. చివరికి బతికి గుర్రాలెక్కి పోయేది నల్లవాడు, మెక్సికన్, కమాంచీ, ముగ్గురే. దీన్ని చూసినవాళ్ళు రెండు తీర్లుగా మాట్లాడారు. పాత సినిమాని ముట్టుకోవటమే తప్పన్నారు కొందరు. ఇన్నాళ్ళకి మావాళ్ళు గుర్రమెక్కారని సంతోషపడ్డారు ఇంకొందరు. మూడో మాట కూడా వచ్చింది, మాకు అదే విలువైందనిపిస్తుంది. కథ జరిగేది 1879లో, బానిసత్వం పోయి పట్టుమని పదిహేనేళ్ళు కాలేదు. అయినా నల్లవాడు తెల్లవాళ్ళ ఊరికి తుపాకీతో సర్దారైతే ఆ ఊళ్ళో ఎవరూ రంగు సంగతి గట్టిగా ఎత్తరు. చోటు ఇచ్చారు, ఆ చోటు ఎందుకు లేకపోయిందో మాత్రం చెప్పలేదు. మన చాపకూడు సంగతీ ఇదే. చాప మీద చోటు ఇచ్చారు. చాప మీంచి లేచాక ఎవరు ఏ వీధికి పోయారో ఎవరూ చూపించరు.

పోతే, మన సినిమాలో ఆ తర్వాత కాలంలో పల్నాడు పేరు మిగిలింది, చాప కూడా పోయింది. 1985లో కృష్ణ 'పల్నాటి సింహం'. 1994లో కృష్ణంరాజు 'పల్నాటి పౌరుషం'. ఇది రీమేకే, కాకపోతే మన కథకి కాదు, భారతీరాజా తీసిన తమిళ 'కిళక్కు చీమయిలే'కి. మధురై వైపు తేవర్ల ఇంటి పౌరుషం తెలుగులోకి రావటానికి ఒక చిరునామా కావాల్సొస్తే పల్నాడు దొరికింది. 2003లో బాలకృష్ణ 'పల్నాటి బ్రహ్మనాయుడు'. తొడ గొడితే రైలు వెనక్కి పోయిన సినిమా. ఆ సీనుకి జనం నవ్వారు, ఇప్పటికీ నవ్వుకుంటున్నారు. మాకూ నవ్వొచ్చింది. అందరికీ ఒకే చాప మీద కూడు పెట్టినవాడి పేరు ఇక్కడ రైలుని వెనక్కి తోలటానికి పనికొచ్చింది.

ప్రేక్షకుడూ ఒకేచోట లేడు. కారంచేడు 1985, చుండూరు 1991. ఆ తర్వాత పెరిగిన పల్లె పిల్లలు 1966 సినిమాని తాతల్లాగా చూడరు. తాత కన్నమదాసు కనపడగానే ఈల వేశాడు. మనవడు ఈల వెయ్యడు. ఇంత బలమున్న సేనాని ఆయన కాళ్ళ దగ్గర ఎందుకుంటాడని అడుగుతాడు. ఆ మధ్య తిరునాళ్ళ రోజుల్లో ఒక పల్లెలో మేము ఈ సినిమాని గోడ మీద వేసి చూపించాం. ముసలాయన ఒకడు మనవడి మీద కోప్పడ్డాడు. కన్నమ అంటే ఎవరనుకున్నావు, ఆయన పేరు చెప్పుకునే మేము తిరునాళ్ళలో తలెత్తుకుని నిలబడ్డామన్నాడు. మనవడు తగ్గలేదు. చాపకూడు రోజున అందరూ కలిసి తింటారు గదా, మిగతా రోజుల్లో మన ఊరి టీకొట్టులో గ్లాసులు ఎందుకు విడిగా ఉండేవో చెప్పు తాతా అన్నాడు. ముసలాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ గ్లాసుల్ని పగలగొట్టిన రోజు నేనూ అక్కడున్నానురా అన్నాడు. ఆ సంగతి మనవడికి అప్పటిదాకా తెలీదు.

ఇద్దరి స్పందనల్లో ఏది సరైందని తేల్చటం మా పని కాదు. తాత ఈలని అమాయకత్వం అని కొట్టిపారెయ్యటానికి మాకు మనసొప్పదు. హాల్లో నేల మీద కూచున్నవాడికి తెర మీద తనవాడు ఒక్క నిమిషం కనపడటం చిన్న సంగతి కాదు. మనవడి ప్రశ్నకి మాత్రం ఏ బ్రహ్మనాయుడూ ఇంతవరకు జవాబు చెప్పలేదు. రామారావు బాగా వేశాడా, గోవిందరాజుల బాగా వేశాడా అని ఎన్నాళ్ళు కొట్లాడుకున్నా ఆ జవాబు రాదు.

కథని మూడోసారి తీస్తామని ఎవరైనా వస్తే పల్నాటి వాళ్ళు అడగాల్సింది బ్రహ్మనాయుడు ఎవరని కాదు. వేషం కంటే ముందు ఇంకోటి అడగాలి, కథ ఎవరి దగ్గర విన్నారని. కారెంపూడిలో కార్తీక అమావాస్యకి పాడేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ పిల్లల్లో ఎక్కువమంది పంబ పట్టటం లేదు, హైదరాబాదులోనో గుంటూరులోనో ఉద్యోగాల వెతుకులాటలో ఉన్నారు. వాళ్ళని తప్పుపట్టే హక్కు మాకు లేదు, మాలోనూ వాళ్ళున్నారు. ఆ రాత్రి గోడ మీద సినిమా అయిపోయాక ముసలాయన లేచి పోలేదు. సినిమాలో రాని కన్నమదాసు ఘట్టం ఒకటి పాడతానన్నాడు. పంబ లేదు, చేత్తో మంచంకోడు మీద దరువు వేశాడు. మా దగ్గరున్న ఫోనులో ఛార్జింగు సగంలో అయిపోయింది. మనవడు ఇంట్లోకి పరుగెత్తి తన ఫోను తెచ్చి పెట్టాడు.