నిందలోని కృతజ్ఞత: ఆంధ్రనాయక శతకము

కష్టకాలమున కృతజ్ఞత యనగా మొఱపెట్టక యూరకుండుట యని పలువురు తలచుదురు. అదియే నిజమైనచో మన నిందాస్తుతి శతకములను కృతఘ్నుల వాక్కులుగా త్రోసివేయవలసి యుండును. దివిసీమకు చెందిన కాసుల పురుషోత్తమకవి రచించిన ఆంధ్రనాయక శతకమును పరిశీలించినచో ఈ యభిప్రాయము నిలువదు.

విజయవాడకు దిగువ కృష్ణానదీ తీరమున నున్న శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు వెలసియున్నాడు. కళింగ జైత్రయాత్రలో విజయవాడ మీదుగా వచ్చి, ఇచ్చట హరివాసరమున ఉపవసించిన కృష్ణదేవరాయలకు ఈ స్వామియే స్వప్నమున సాక్షాత్కరించి తెలుగున కావ్యము చెప్పుమనెనని ఆముక్తమాల్యద అవతారిక తెలుపుచున్నది. విజయపథమున నున్న రాజునకు కృతజ్ఞత సులభము. పురుషోత్తమకవి అదే స్వామి యెదుట నిలిచి దెప్పిపొడిచినాడు.

ఈ శతకమున ప్రసిద్ధమైన యొక సీసపద్యపు భావమును చూతము. భూదేవి భార్య యగుటచే స్వామికి అఖిలభారకుడన్న పేరు వచ్చినది. లక్ష్మి వలన కామితార్థదుడన్న ఘనత, బ్రహ్మ కొడుకగుటచే బహుకుటుంబి యన్న బలిమి, గంగ కూతురగుటచే పతితపావనుడన్న ఖ్యాతి కలిగినవి. ఇవి యన్నియు ఆలుబిడ్డలు తెచ్చిన ప్రతిష్ఠలే. స్వామి మాత్రము మొదటినుండి దామోదరుడే యని కవి యాక్షేపణ. నడుమున త్రాడు తప్ప మఱేమియు లేనివాడని యిందలి యెత్తిపొడుపు. కాని ఆ త్రాడు యశోద కట్టినది. భక్తురాలి చేతికి కట్టుబడిన దయయే ఆ నామమునకు మూలము. నిందించుటకై కవి యెన్నుకొన్న మాటయే స్వామి సౌలభ్యమును చాటుచున్నది. భూమిని మోయుట, కోరినదిచ్చుట, పతితులను పావనము చేయుట అను ఉపకారములను వరుసగా స్మరింపక ఈ నింద సాగనే సాగదు.

పదునేడవ శతాబ్దిలో గోలకొండ చెఱలో రామదాసు మార్గము వేఱు. తాను చేయించిన నగలను, వాని వెలను లెక్కించి రాముని నిలదీసెను. వెంటనే దెబ్బల కోర్వలేక తిట్టితినని క్షమాపణ వేడెను. అచ్చట లెక్క తానిచ్చినదానికి. ఇచ్చట లెక్క స్వామి గుణములకు. సింహాద్రి నారసింహ శతకమున గోగులపాటి కూర్మనాథకవి తురకదండు వచ్చినపుడు దేవుని నిందించి, తుమ్మెదలు వారిని తరిమిన పిదప స్తుతించెనని ఐతిహ్యము. అది ఆపద తీరిన తరువాతి కృతజ్ఞత. పురుషోత్తమకవి కృతజ్ఞత ఊరటకై వేచియుండక మొఱలోనే యిమిడియున్నది.

ఇది వ్యాజస్తుతి యలంకారమే గదా, ఇందు హృదయమెక్కడిదని కొందఱు ప్రశ్నింపవచ్చును. శ్లేష ముందునకు వచ్చి వేదన వెనుకబడిన పద్యములును ఇందు లేకపోలేదు. వానిని చమత్కారములుగా మాత్రమే గ్రహించుట న్యాయము. కాని దామోదర పదము వంటి చోట్ల అలంకారమే యనుభవమునకు ఆధారమైనది. బాధను దాచుకొమ్మని ఈ కవి యెవరికిని చెప్పలేదు. పరాయివానిని ఇంత చనవుతో నెవరును తిట్టరు. కష్టమున గూడ ఆ చనవు చెడకుండుటయే ఈ శతకమున మనకు కనిపించు కృతజ్ఞత.