పడవ ఎక్కినవాళ్ళే గాని, కట్టినవాళ్ళేరీ?

మన సాహిత్యంలో పడవలకు కొదవ లేదు. త్యాగరాజస్వామి ‘నౌకా చరిత్రము’లో చిల్లిపడ్డ పడవ గోపికల గర్వాన్ని అణచింది. పాలగుమ్మి పద్మరాజు గారి ‘పడవ ప్రయాణం’లో రంగి గోడు చెప్పుకోవడానికి పడవే చోటిచ్చింది. రెండూ గొప్ప రచనలే. కానీ వాటి దృష్టి పడవ ఎక్కినవారి మీదే గాని, కట్టిన చేతుల మీద లేదు.

ఆ చేతులు మనకు లేకనా? కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. కోరమాండల్ తీరపు మసూలా పడవకు మేకులుండవు. పలకలను కొబ్బరితాడుతో కుట్టేవారు. అందుకే కెరటం కొట్టినా విరగక, వంగి ఊరుకునేది.

ఇక్కడి మావోరీలూ తమ ‘వాకా’ అంచుపలకలను నారతాళ్ళతోనే బిగించేవారు. హెకెనుకుమాయ్ బస్బీ రెండు కౌరీ మానులతో ‘తే ఔరేరే’ అనే జంటపడవ కట్టారు. 1992లో అది నక్షత్రాలే దారిచూపగా రారోటోంగా చేరింది. బస్బీ 2019లో కన్నుమూశారు. పడవ మాత్రం ఒక జాతి జ్ఞాపకాన్ని తిరిగి నిలబెట్టింది.

మనం గోత్రం చెప్పుకున్నట్టు, మావోరీలు పరిచయంలో కొండ, నదులతోపాటు పూర్వీకుల పడవ పేరూ చెబుతారు. దాన్నే ‘పెపెహా’ అంటారు. బడిలో అది నేర్చుకున్న మన పిల్లలు ఇంటికొచ్చి “మన పడవేది?” అంటే విమానం పేరు చెబుతామా? కోరంగి వడ్రంగి కథ ఇంకా రాయవలసే ఉంది. గోదావరి రేవుల ముచ్చట్లు ఎరిగిన పెద్దలు ఇంట్లో ఉండగానే అడిగి రాసుకుందాం.