యాభై ఎకరాల కుర్రాడు

మూడేళ్ళ క్రితం అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చినప్పుడు ఒక శనివారం జేమ్స్‌టౌన్ తీసుకెళ్ళాను. వర్జీనియాలో మేముండే చోటి నుంచి మూడు గంటల డ్రైవ్. అమెరికాలో ఇంగ్లీషువాళ్ళు దిగి నిలదొక్కుకున్న మొదటి ఊరు అది, 1607లో. ఇప్పుడక్కడ ఊరేమీ లేదు. తవ్వకాల్లో తేలిన పునాదులు, పాత చర్చి గోపురం, పక్కన జేమ్స్ నది, బోలెడన్ని దోమలు. నాన్న వీటిలో దేన్నీ పెద్దగా పట్టించుకోలేదు. "ఇక్కడ ఏం పండించేవాళ్ళురా?" అనడిగారు. పొగాకు అన్నాను. నడుస్తున్నవారల్లా ఆగిపోయారు. "అయితే మన వర్జీనియా ఇక్కడిదేనా!" అన్నారు. మా కందుకూరు వైపు వర్జీనియా అంటే రాష్ట్రం కాదు, పొగాకు. తాతయ్య నాలుగు డబ్బులు చూసిందీ, అప్పులపాలైందీ ఆ ఆకుతోనే.

ఆ సంగతికి మళ్ళీ వస్తాను. ముందు ఇంకో మనిషి గురించి చెప్పాలి.

1635లో జార్జ్ మెనెఫీ అనే వర్జీనియా వ్యాపారికి ఒక భూమి పట్టా ఇచ్చారు. అతను కాలనీకి తెచ్చిన మనుషుల పేర్లు అందులో ఉన్నాయి. వాటిలో ఒకటి టోనీ. పక్కన 'ఈస్ట్ ఇండియన్' అని రాసుంది. అమెరికాలో ఇంగ్లీషు కాగితాలకెక్కిన మొదటి భారతీయుడు ఇతనేనని సాధారణంగా చెప్పుకుంటారు. మొదటిసారి చదివినప్పుడు నాకు ఛాతీ ఉప్పొంగిన మాట నిజం. వీసా, లాటరీ, గ్రీన్ కార్డు క్యూ ఇవేవీ లేని రోజుల్లోనే మనవాడొకడు ఇక్కడున్నాడు! ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను.

ఆ పట్టా ఎలా పనిచేసేదో తర్వాత తెలిసింది. 1618 నుంచి వర్జీనియాలో ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా దారిఖర్చు పెట్టుకుని ఒక మనిషిని కాలనీకి తీసుకొస్తే, తెచ్చినవాడికి తలకి యాభై ఎకరాలు. అంటే టోనీ పేరు అక్కడ రాసింది టోనీ కోసం కాదు. ఆ తలకి యాభై ఎకరాలు వస్తాయి కాబట్టి రాశారు. ఆ యాభై ఎకరాలూ ఖాళీగా పడున్నవి కావు, పౌహాటన్ ప్రజలవి. మనం మురిసిపోయే ఆ ఒక్క ముక్క మెనెఫీ గుమాస్తా లెక్కల పుస్తకంలాంటిదన్నమాట.

బృందా చారీ నవల 'ది ఈస్ట్ ఇండియన్' (2023) ఈ ఒక్క ముక్క మీదే నిలబడింది. కథ కోరమాండల్ తీరంలో, ఆర్మగాన్‌లో మొదలవుతుంది. ఆర్మగాన్ అంటే ఎక్కడో కాదు, మన దుగరాజపట్నం. పాత నెల్లూరు జిల్లా, పులికాట్ సరస్సు దగ్గర. 1639లో మద్రాసు దొరక్కముందు ఈస్ట్ ఇండియా కంపెనీ కొన్నేళ్ళు అక్కడ కొట్టు పెట్టుకుంది. అక్కడి నుంచి కుర్రాడు లండన్ వెళ్తాడు, లండన్‌లో ఎత్తుకుపోయి ఓడెక్కిస్తే వర్జీనియా పొగాకు తోటల్లో తేలతాడు. మూలికలు, మందులు నేర్చుకుని వైద్యుడి దగ్గర పనివాడవ్వాలని అతని కోరిక.

చారీ ఆ కాలపు ఇంగ్లీషు సాహిత్యం చదివి పాఠం చెప్పే మనిషి. ఆ చదువు పుస్తకానికి చాలా మేలు చేసింది. నాకు బాగా నచ్చింది షేక్‌స్పియర్‌ని తీసుకొచ్చిన తీరు. 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' నాటకంలో గంధర్వుల రాజూ రాణీ కొట్టుకునేది ఒక ఇండియన్ పిల్లాడి కోసం. కానీ ఆ పిల్లాడికి నాటకంలో ఒక్క మాట కూడా లేదు. టోనీని ఆ నాటకం పట్టి లాగుతుంది. పట్టాలో పేరుండి గొంతు లేనివాడు, నాటకంలో ప్రస్తావన ఉండి పాత్ర లేనివాడు, ఇద్దర్నీ ఎదురెదురుగా పెట్టాలన్న ఆలోచనకి ఆమెకి దణ్ణం పెట్టొచ్చు.

నా ఇబ్బంది వేరేచోట. ఈ టోనీ మరీ మంచివాడు. ఎవర్ని చూసినా జాలి, ఏది చూసినా కుతూహలం. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు, లండన్ అనాథ పిల్లలు, ఈ నేల అసలు మనుషులు, అందర్నీ అర్థం చేసుకుంటాడు. ఇవాళ్టి పాఠకుడు ఒక పదిహేడో శతాబ్దపు స్నేహితుణ్ణి కోరుకుంటే సరిగ్గా ఇలాంటివాణ్ణే కోరుకుంటాడు. చదువుతున్నంతసేపూ అతని చెయ్యి పట్టుకుని నడిచాను, హాయిగానే ఉంది. పుస్తకం మూసేశాక అనుమానమొచ్చింది. నాలుగొందల ఏళ్ళ అవతలి మనిషి నాకింత సులువుగా ఎలా దొరికాడు?

మా పనిలో డేటాబేస్‌లో ఒక గడి ఖాళీగా ఉంటే దాన్ని 'నల్' అంటాం. నల్ అంటే సున్నా కాదు. 'తెలీదు' అని. కొత్తగా చేరిన కుర్రాళ్ళు నల్ కనపడగానే ఏదో ఒక డిఫాల్ట్ విలువ పెట్టేస్తారు, ప్రోగ్రాం ఆగకుండా నడవాలి కదా. ఆర్నెల్లు పోయాక నిజంగా వచ్చిన డేటా ఏదో, మనం కుక్కింది ఏదో ఎవరికీ తెలీదు. ఆర్థర్ మిల్లర్ 'ది క్రూసిబుల్' (1953)లో ఇంకో అడుగు ముందుకేసి, గడిలో ఉన్న విలువనే మార్చాడు. 1692లో సేలమ్ మంత్రగత్తెల విచారణప్పుడు అబిగైల్ విలియమ్స్‌కి పదకొండో పన్నెండో ఏళ్ళు, జాన్ ప్రాక్టర్‌కి అరవై దరిదాపు. మిల్లర్ ఆమెని పదిహేడేళ్ళ పిల్లని చేసి, అతన్ని నడివయసుకి దించి, ఇద్దరికీ సంబంధం అంటగట్టాడు. ఆమె వయసు పెంచానని పుస్తకం మొదట్లోనే చెప్పుకున్నాడు కూడా. ఏం లాభం? ఇవాళ సేలమ్ అనగానే లోకానికి గుర్తొచ్చేది ఆ పదిహేడేళ్ళ అమ్మాయే.

మరి ఖాళీని ఖాళీగానే ఉంచి నవల రాయడం కుదురుతుందా? టోనీ మారిసన్ 'ఎ మెర్సీ' (2008) చదివేదాకా కుదరదనే అనుకున్నా. (చదవనివాళ్ళు ఇక్కణ్ణుంచి రెండు పేరాలు దాటేయండి, ముగింపు చెప్పేస్తున్నా.) కథ 1680ల నాటిది. జేకబ్ వార్క్ అనే రైతు బాకీ వసూలుకి మేరీలాండ్ వెళ్తాడు. బాకీదారు దగ్గర నగదు లేదు, మనుషులున్నారు, ఎవరో ఒకర్ని తీసుకోమంటాడు. ఒక తల్లి ముందుకొచ్చి, నన్నొద్దు, నా కూతుర్ని తీసుకెళ్ళమని వేడుకుంటుంది. ఆ కూతురు ఫ్లోరెన్స్ బతుకంతా అమ్మ నన్ను వదిలించుకుందనే గాయంతోనే నడుస్తుంది. తల్లి ఎందుకలా చేసిందో చివరి అధ్యాయంలో తల్లి గొంతులోనే మనకి తెలుస్తుంది. ఫ్లోరెన్స్‌కి తెలీదు. ఎప్పటికీ తెలీదు. ఫ్లోరెన్స్ ఏమో తన కథంతా యజమాని కట్టుకున్న పెద్దింటి నేల మీదా గోడల మీదా మేకుతో గీకుతుంది, తను ప్రేమించిన కమ్మరి కోసం. అతనికి చదవడం రాదు. రెండు ఉత్తరాలు, రెండూ చేరవు. పాఠకుడికి దొరికిన జవాబు పాత్రలకి దొరక్కుండా చేసి, చరిత్రలో ఆ గడి నల్‌గానే ఉందని మారిసన్ గుర్తుచేస్తూనే ఉంటుంది.

ఫ్లోరెన్స్ కన్నా నన్ను ఎక్కువ వెంటాడింది జేకబ్. అతను చెడ్డవాడు కాదు. మాంసం వ్యాపారం తనకి పడదంటాడు, అంటూనే ఆ పిల్లని తీసుకుంటాడు. అదే ప్రయాణంలో బార్బడోస్ చక్కెర, రమ్ము వ్యాపారం గురించి వింటాడు. అక్కడ చచ్చేది కూడా బానిసలే. కానీ అది దూరం, కళ్ళకి కనపడదు. ఆ డబ్బుతోనే ఆ పెద్దిల్లు లేస్తుంది, అందులో కాపురం పెట్టకుండానే మశూచి వచ్చి పోతాడు. మారిసన్ ఈ కాలాన్నే ఎంచుకోవడం ఊరికే కాదు. 1676లో నల్ల, తెల్ల పనివాళ్ళు కలిసి బేకన్ వెనక తిరగబడి జేమ్స్‌టౌన్‌ని తగలబెట్టారు. ఆ తర్వాతి చట్టాలు వాళ్ళని రంగు ప్రకారం విడగొట్టుకుంటూ పోయాయి. అంతకుముందే 1662లో వర్జీనియా చట్టం బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టే అని తేల్చేసింది. అంటే బానిస కడుపున పుడితే బానిసే. పుట్టుక చూసి మనిషి పని తేల్చే ఏర్పాటు మనకి కొత్త కాదు గనక, అది చట్టంగా ఒక్కో ముక్క అతుక్కుంటూ తయారవుతుంటే చూడటం నాకు ఒళ్ళు జలదరించేలా ఉంది.

కాగితం గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఎడ్వర్డ్ పి. జోన్స్ 'ది నోన్ వరల్డ్' (2003) ఒకటి చెప్పి వదిలేస్తా. ఇది ఇంకా తర్వాతి కాలం కథ, అంతర్యుద్ధం ముందరి వర్జీనియా. బానిసలున్న ఒక నల్ల యజమాని కథ. జోన్స్ ఒక కౌంటీనే కల్పించి, దానికి జనాభా లెక్కలు, చరిత్రకారుల పుస్తకాలు కూడా తనే కల్పిస్తాడు. డిఫాల్ట్ విలువల మీద అంత నోరు పారేసుకున్న నాకు ఇది నచ్చకూడదు, కానీ నచ్చింది. ఎందుకంటే నవల మధ్యలో ఒక మనిషి, స్వేచ్ఛ కొనుక్కున్న నల్లవాడు, తన విడుదల పత్రం చూపిస్తే గస్తీ తిరిగేవాడు దాన్ని నమిలి మింగేస్తాడు. తర్వాత ఆ మనిషిని మళ్ళీ అమ్మేస్తారు. కాగితం అనేది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదని అంత గట్టిగా చూపించాక, జోన్స్ కల్పించిన జనాభా లెక్కలు నాకు మోసంగా అనిపించలేదు. అసలు లెక్కల మీదే నమ్మకం పోయింది.

ఇక నా సంగతి. నేనూ ఒక కథ రాశాను. దుగరాజపట్నం కుర్రాడు, వర్జీనియా, పొగాకు. కుర్రాడు పగలంతా మొక్కల తలలు తుంచుతాడు, పిలకలు గిల్లుతాడు, రాత్రిళ్ళు బ్యారన్ పొయ్యి దగ్గర కూర్చుని మంట చూసుకుంటూ అమ్మని తల్చుకుంటాడు. ఒక స్నేహితుడికి పంపితే, "వీడు 1635 వాడిలా లేడు బాసూ. వీకెండ్ ఇంటికి వీడియో కాల్ చేసే నువ్వే ఉన్నావు" అన్నాడు. రెండ్రోజులు అతనితో మాట్లాడలేదు.

భాష దగ్గర కూడా చిక్కే. ఫ్రాన్సిస్ స్పఫర్డ్ 1746 న్యూయార్క్ మీద రాసిన 'గోల్డెన్ హిల్'లో ఆ కాలపు ఇంగ్లీషు నవలల గొంతు అరువు తెచ్చుకున్నాడు, అతనికి అది ఉంది. వర్జీనియా తోటలో కుర్రాడి కోసం నేనే తెలుగు తేవాలి? కొన్నేళ్ళ ఒప్పందం మీద ఒళ్ళమ్ముకున్నవాణ్ణి 'ఒప్పంద కూలీ' అంటే స్కూల్ సోషల్ పుస్తకం వాసనొస్తుంది. చివరికి 'పాలేరు' అని రాశాను. రాయగానే వాక్యం వెచ్చగా అయింది. ఆ పదం నాకెందుకంత వెచ్చగా ఉందో అప్పుడు ఆలోచించలేదు.

బయటపెట్టింది బ్యారన్. కథలో వివరాలు సరిచూసుకుందామని చదువుతుంటే తెలిసింది, 1635లో పొగాకుని పొయ్యి వేడితో ఆరబెట్టేవాళ్ళు కాదు, గాలికే వేలాడదీసేవాళ్ళు. పొయ్యి, గొట్టాల పద్ధతి పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. దానికి ముందు ఆకు పసుపుగా దిగే కిటుకు 1839లో ఉత్తర కరొలైనాలో బయటపడిందని, స్టీఫెన్ అనే బానిస రాత్రి మంట కాస్తూ నిద్రపోయి, లేచి కంగారుగా బొగ్గులు వేస్తే ఆకు బంగారంలా వచ్చిందని ఒక కథ చెప్పుకుంటారు. అంటే నా కుర్రాణ్ణి నేను రెండొందల ఏళ్ళ తర్వాతి పొయ్యి ముందు కూర్చోబెట్టాను. ఆ బ్యారన్ జేమ్స్‌టౌన్‌ది కాదు, మా తాతయ్యది.

నాన్నకి ఫోన్ చేశాను. మన బ్యారన్‌లో రాత్రిళ్ళు పొయ్యి దగ్గర ఎవరు కూర్చునేవాళ్ళు, తాతయ్యా? "మీ తాతయ్యెందుకు కూర్చుంటాడు, పాలేరు ఉండేవాడుగా" అన్నారు. పేరేంటి? చాలాసేపు ఆలోచించారు. తాతయ్య ఎడ్ల పేర్లు చెప్పారు, పొగాకు కంపెనీలో గ్రేడు కట్టే మనిషి పేరు చెప్పారు. "మేమంతా బ్యారనోడు అనేవాళ్ళంరా" అన్నారు చివరికి.

ఇంతకాలం నేను టోనీలో వెతుక్కున్నది తాతని. మొదటి తెలుగువాడు, మొదటి వలసవాడు, నాకు ముందు దారి వేసినవాడు. టోనీ ఏ భాష మాట్లాడాడో ఏ కాగితంలోనూ లేదు, తెలుగని నేనే నింపేశాను. నింపడం తప్పని ఇప్పటికీ అనను, కల్పన చేసే పనే అది. కానీ నేను నింపింది ఎటు నుంచి? ఆ కథలో నేను తెలిసి రాసిన ఒక్క అనుభవమూ, ఆ మంటా ఆ రాత్రీ, ఇంకో మనిషిది. నా వాళ్ళు ఆ రాత్రి ఇంట్లో నిద్రపోతున్నారు. మెనెఫీ వైపు నుంచి కథ రాయాల్సిన నేను, టోనీ చొక్కా తొడుక్కుని ఏడ్చాను. జేకబ్ వార్క్ ఎందుకు వెంటాడాడో అప్పుడర్థమైంది.

కథ ఇంకా ఫోల్డర్‌లోనే ఉంది. రెండో వర్షన్‌లో బ్యారన్ తీసేశాను, కుర్రాడి అమ్మని తీసేశాను, నక్షత్రాలు కూడా. ఇప్పుడది పట్టా రాసే గుమాస్తా చెప్పే కథ, అతను పేర్లు ఒక్కొక్కటే రాసుకుంటూ వస్తాడు. టోనీ దగ్గరికి వచ్చేసరికి ఇంటిపేరు ఏం రాయాలో తెలీక ఎవర్నో అడుగుతాడు. మొన్న నాన్న మళ్ళీ ఫోన్ చేశారు. బ్యారనోడి కొడుకు ఒంగోల్లో ఉంటున్నాడట, ఈసారి వెళ్ళినప్పుడు వాళ్ళ నాన్న పేరు కనుక్కుంటానన్నారు.