"శాస్త్రజ్ఞులు చెప్పారు" అంటే చాలదు

తెలుగులో ఆరోగ్య విషయాల మీద వచ్చే వ్యాసాల్లో తరచుగా కనిపించే కర్త "శాస్త్రజ్ఞులు". శాస్త్రజ్ఞులు తేల్చారు, పరిశోధనల్లో రుజువైంది, విదేశాల్లో నిరూపించారు అంటారు. ఏ శాస్త్రజ్ఞులు, ఏ సంవత్సరంలో, ఎంతమందిని పరీక్షించి తేల్చారో చెప్పరు. అభ్యుదయ రచయితలమైన మనమూ దీనికి మినహాయింపు కాదు. ఋషులు చెప్పారు గనక నమ్మాలన్న వాదాన్ని తిరస్కరించాం. ఇప్పుడు ఋషుల పీట మీద శాస్త్రజ్ఞుల్ని కూర్చోబెట్టి, పాఠకుణ్ణి అదే విధంగా నమ్మమంటున్నాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మా సత్తెనపల్లికి నైరుతి దిక్కున దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలున్నాయి. తాగే నీటిలోని ఫ్లోరైడ్ వల్ల పళ్ళు గారకట్టి, కీళ్ళు బిగుసుకుపోయి, నడుములు వంగిపోయిన మనుషుల్ని తరతరాలుగా చూసిన నేల అది. ఈ జబ్బు చరిత్రను మనవాళ్ళు సాధారణంగా ఒక్క వాక్యంతో సరిపెడతారు: "మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో నెల్లూరు జిల్లాలో షార్ట్ కనుగొన్నాడు." ఈ వాక్యంలో అబద్ధం లేదనిపిస్తుంది. కాని ఆధారం చెప్పకపోవడం వల్ల ఎన్ని నిజాలు మరుగున పడ్డాయో చూడండి.

మొదటిది స్థలం. ఆనాటి నెల్లూరు జిల్లా వేరు, ఈనాటిది వేరు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిశాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. సంవత్సరం గమనించని విద్యార్థి ఈనాటి నెల్లూరు పటంలో ఆ ఊళ్ళను వెతుక్కోవలసిందే. మా సత్తెనపల్లి సంగతీ అంతే. 2022 దాకా గుంటూరు జిల్లా, తరువాత పల్నాడు జిల్లా. పాత గుంటూరు అంకెల్ని ఇప్పటి గుంటూరుకు అంటగడితే లెక్క తప్పుతుంది.

రెండవది శ్రమ. 1937లో షార్ట్ పేరుతో వచ్చిన వ్యాసాలు కనీసం రెండు. "ఇండియన్ మెడికల్ గెజిట్"లోది నెల్లూరు జిల్లా గురించి. అందులో ఆయనతో పాటు పండిట్, రాఘవాచారి ఉన్నారు. "ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్"లోది మద్రాసు ప్రెసిడెన్సీ గురించి. అందులో మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్ ఉన్నారు. "షార్ట్ కనుగొన్నాడు" అనేసరికి రెండు వ్యాసాలు ఒకటైపోయాయి. దొర పేరు నిలిచింది, మనవాళ్ళ పేర్లు జారిపోయాయి. సమష్టి శ్రమను ఒక్కడి ఖాతాలో వేసే చరిత్ర రచనను మనం ఇతర రంగాల్లో ఖండిస్తాం. ఇక్కడెందుకు సహించాలి?

మూడవది ప్రాణానికి సంబంధించింది. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ఒక వ్యాసం, 1 మించరాదని ఇంకొక వ్యాసం అంటాయి. పాఠకుడు ఏది నమ్మాలి? రెండూ నిజమే. మొదటిది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువ. రెండవది భారత ప్రమాణాల సంస్థ వాంఛనీయమన్న పరిమితి. వేరే నీటి వసతి లేనప్పుడు మాత్రమే అది 1.5 దాకా ఒప్పుకుంటుంది. ఈ ముక్క తెలిసిన గ్రామస్థుడు "మాకు వేరే వసతి ఎందుకు లేదు?" అని అధికారిని నిలదీయగలడు. తెలియనివాడు రెండంకెల మధ్య నలిగి ఊరుకుంటాడు. ఆధారం చెప్పకుండా అంకె మాత్రం ఇచ్చిన రచయిత, ఆ మనిషి చేతిలోని ప్రశ్నను లాగేసుకున్నాడన్నమాట.

సామాన్య పాఠకుడికి పాదసూచికలు భారమని కొందరు మిత్రులంటారు. పురుగుమందు కొనే రైతు డబ్బా మీద తయారీ తేదీ చూస్తాడు, కంపెనీ పేరు చూస్తాడు. ఆ రైతుకు వ్యాసం పుట్టుపూర్వోత్తరాలు అక్కర్లేదనడం ఆయన మీద గౌరవం కాదు, చిన్నచూపు.

వైద్య పత్రికల సంపాదకులు 1978లో కెనడాలోని వాంకూవర్‌లో కూడి వ్యాసాల రూపానికి ఉమ్మడి నియమాలు ఏర్పరచుకున్నారు. వ్యాసంలో వచ్చిన వరుసలోనే ఆధారాలకు అంకెలు వేసే పద్ధతి దానితోనే వ్యాపించింది. మన వ్యాసాలకు అంత తంతు అక్కర్లేదు. ఎవరు, ఏ సంవత్సరం, ఏ పత్రికలో అన్నది వాక్యంలోనే ఇమిడిపోతుంది. పరీక్షించింది ఎలుకలనా, మనుషులనా అన్నది తప్పక చెప్పాలి. మూలం చదవకుండా వేరొకరి పుస్తకంలోంచి తీసుకుంటే ఆ పుస్తకం పేరే చెప్పాలి, చదివినట్టు నటించరాదు. మూలం ఇంకా నిలిచి ఉందో లేదో కూడా చూడాలి. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని "లాన్సెట్" 2010లో రద్దు చేసింది. రద్దయిన సంగతి చెప్పకుండా దాన్ని ఉటంకించినవాడు పసిపిల్లలకు అపకారం చేసినవాడే.

కథలో పాత్ర ఎక్కడివాడు, ఏం తిని బతుకుతున్నాడు అని విమర్శకులం ఆరా తీస్తాం. ఆరోగ్య వ్యాసంలోని ప్రతి అంకెనూ అలాగే నిలేసి అడగాలి. జవాబు చెప్పలేని అంకెకు మన పత్రికల్లో చోటు ఇవ్వకూడదు.