కెమెరా ఎక్కడ కూర్చుంది?

పోయిన శనివారం హైదరాబాద్‌లో ఒక కాలేజీ సెమినార్ హాల్లో విద్యార్థులు తీసిన డాక్యుమెంటరీలు తొమ్మిది చూశాను. అన్నీ చిన్నవే, ఎనిమిది నిమిషాల నుంచి ఇరవై నిమిషాల దాకా. కిటికీలకు నల్లగుడ్డలు కట్టినా ఒక మూల నుంచి ఎండ తెర మీదికి జారుతూనే ఉంది. మూడు సినిమాల దాకా ఆ ఎండ చిరాకు పెట్టింది. నాలుగోదానికి దాని సంగతే మర్చిపోయాను.

ఆ నాలుగోది నిజామాబాద్ వైపు ఒక ఊళ్లో బీడీలు చుట్టే పెద్దావిడ గురించి. తీసింది ఆమె మనవరాలే. మొదట ముఖం కనిపించదు. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పొగాకు, పక్కన దారపు ఉండ. వేళ్లు ఆకును చుడతాయి, మూతి మడుస్తాయి, దారం కడతాయి, ఇంకో ఆకు అందుకుంటాయి. బీడీ కూలీని వెయ్యికింత అని లెక్కగడతారు. మగవాళ్లు గల్ఫ్‌కు వెళ్లిన ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది ఈ చాటే. కెమెరా నేలకు దగ్గరగా, చాట అంచుకు సమానంగా ఉంది. అంటే ఆ అమ్మాయి కూడా అదే చాప మీద, అమ్మమ్మకు ఎదురుగా, కాళ్లు మడుచుకుని కూర్చుందన్నమాట.

కాసేపటికి అమ్మమ్మ తలెత్తకుండానే అంటుంది: “జర పక్కకు జరుగు బిడ్డా, వెలుతురుకు అడ్డమొస్తున్నవ్.” బొమ్మ అటూ ఇటూ ఊగి మళ్లీ నిలబడుతుంది. ఇప్పుడు చేతుల మీద వెలుగు పడుతుంది. ఈ ముక్కను ఎడిటింగ్‌లో పారేసేవాళ్లే ఎక్కువ. ఆ అమ్మాయి ఉంచింది. సినిమా తీసేవాళ్ల అవసరం కంటే పని చేసుకునేవాళ్ల వెలుతురు ముఖ్యమని ఆ ఒక్క కదలికలో నాకు తెలిసింది. ఇరవై ఏళ్లుగా ఈ పని గురించి రాస్తున్నాను, ఇంత సూటిగా చెప్పలేకపోయాను.

దాని తర్వాత వచ్చిన సినిమా ఫుడ్ డెలివరీ కుర్రాళ్ల మీద. డ్రోన్ షాట్లు, వెనకాల జోరైన సంగీతం. ఫ్లైఓవర్లు ముత్యాల దండల్లా మెరిశాయి. బండి నడిపే కుర్రాడి పేరు నాకు గుర్తులేదు, ఎందుకంటే అతన్ని మాట్లాడనివ్వలేదు. తీసినవాళ్లలో ప్రతిభ ఉంది, వచ్చే ఏడు వాళ్లు కిందికి దిగి వస్తారని నా నమ్మకం.

కెమెరా ఎత్తు గురించి నాకు కళ్లు తెరిపించింది ఏ ఫిల్మ్ స్కూలూ కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. అక్కడి సంఘాల్లోని ఆడవాళ్లు, ఎక్కువమంది దళిత రైతులు, చాలామంది బడి ముఖం చూడనివాళ్లు, కెమెరా పట్టడం నేర్చుకుని తమ పంటల గురించీ విత్తనాల గురించీ తామే సినిమాలు తీశారు. వరంగల్ పత్తి రైతులను బీటీ విత్తనం ఏం చేసిందో చూపించిన సినిమా వాళ్లదే. షాట్లకు వాళ్లు ఇంగ్లిష్ పేర్లు బట్టీ పట్టలేదు, తమ బతుకులోంచి పేర్లు పెట్టుకున్నారు. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా కెమెరా పెట్టి తీసేదాన్ని వాళ్లు ‘సంఘం షాట్’ అన్నారు. సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు కాబట్టి. సినిమా వ్యాకరణంలో ఇంతకంటే గొప్ప మాట నేను వినలేదు. ఫిల్మ్ క్లాసులో మొదటి రోజు పలక మీద రాయాల్సిన మాట ఇది.

మన తరానికి డాక్యుమెంటరీ అంటే ముందు గుర్తొచ్చేది హాల్లో అసలు సినిమాకు ముందు వేసిన ఫిల్మ్స్ డివిజన్ చిత్రాలు. 1948లో ఆ సంస్థ మొదలైంది. దాని చిత్రాలు వేయడం హాళ్లకు అప్పట్లో తప్పనిసరి. తెర మీద ఆనకట్ట, వెనక వ్యాఖ్యాత గొంతు ఆనకట్ట గురించి. తెర మీద రైతు, గొంతు రైతు గురించి. రైతు మాత్రం నోరు విప్పడు. అందుకే 1967లో ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి తీసిన ‘ఐ యామ్ 20’ ఇప్పటికీ నిన్న తీసినట్టు ఉంటుంది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు పుట్టి, దేశంతో పాటు ఇరవై ఏళ్లకు వచ్చిన పిల్లల్ని పిలిచి మాట్లాడమన్నాడు. వాళ్లు దేశాన్ని మెచ్చుకున్నారు, నిలదీశారు, తడబడ్డారు. ఆ తడబాటును కోసేయకపోవడంలోనే శాస్త్రి గొప్పతనం ఉంది. అదీ ఫిల్మ్స్ డివిజన్ సినిమాయే.

వ్యాఖ్యానం ఉంటేనే తప్పని నేననడం లేదు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివిన పాయల్ కపాడియా సినిమా ‘ఎ నైట్ ఆఫ్ నోయింగ్ నథింగ్’కు 2021లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ డాక్యుమెంటరీ బహుమతి వచ్చింది. అది మొత్తం ఒక విద్యార్థిని ఉత్తరాలు చదివే గొంతు మీదే నడుస్తుంది. కానీ ఆ గొంతు పైనుంచి రాదు, ఇన్‌స్టిట్యూట్ హాస్టల్ గదిలోంచి, అక్కడ సమ్మె చేస్తున్న పిల్లల మధ్యలోంచి వస్తుంది.

నా గొంతు పైనుంచి వచ్చింది. 2003లో, చదువుకునే రోజుల్లో, కొండపల్లి బొమ్మల మీద పద్నాలుగు నిమిషాల సినిమా తీశాను. ఒక పెద్దాయన ఇంట్లో మూడు రోజులున్నాను. తెల్లపొణికి చెక్కను ఆయన ఆకురాయితో నునుపు చేస్తుంటే వచ్చే శబ్దం గదంతా నిండేది. చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపి మక్కు చేసి ఏనుగుకు చెవులు అతికించేవారు. నేనేం చేశానంటే, ఆ ఆకురాయి చప్పుడును తగ్గించేసి దాని మీద నా గొంతుతో చరిత్ర చదివాను. ఆయన మాటలు పద్నాలుగు నిమిషాల్లో రెండు నిమిషాలు కూడా లేవు. అప్పుడు నాకది చక్కటి ఎడిటింగ్ అనిపించింది.

ప్రదర్శన అయ్యాక పిల్లలతో మాటామంతీ జరిగింది. బీడీల సినిమా తీసిన అమ్మాయిని ఒక అధ్యాపకుడు అడిగారు: రషెస్‌లో, అంటే ఎడిట్ చేయని ఫుటేజీలో, దుబాయ్‌లో ఉన్న మామయ్య ఫోన్ చేసే సీన్ ఉంది కదా, అప్పుల గురించి అమ్మమ్మ ఏడుస్తుంది, సినిమాకు అదే ప్రాణం, ఎందుకు తీసేశావు? “ముందు అమ్మమ్మకే చూపించిన సార్. అదొక్కటి వద్దన్నది” అంది అమ్మాయి. ఆయన తల అడ్డంగా ఊపారు. నేను ఆ అమ్మాయి పక్షమే. జాన్ రూష్, ఎడ్గార్ మోరాన్ కలిసి పారిస్‌లో తీసి 1961లో విడుదల చేసిన ‘క్రానికల్ ఆఫ్ ఎ సమ్మర్’లో, తీసిన మనుషులనే హాల్లో కూర్చోబెట్టి సినిమా చూపించి, వాళ్లు దాని మీద పడిన తగాదాను కూడా సినిమాలో కలిపారు. మమ్మల్ని ఇలా చూపించావేమిటని అడిగే హక్కు ముందు వాళ్లది, తర్వాతే మనలాంటి ప్రేక్షకులది. ఆ ఏడుపు లేకపోయినా సినిమా నిలబడింది. ఆమె చేతులు చాలు.

ఇంటికొచ్చి అటక మీది పెట్టె దించాను. అందులో ఆరు మినీ డీవీ టేపులున్నాయి. పాత క్యామ్‌కార్డర్ ఒకటి మిత్రుడి దగ్గర దొరికింది. రెండు రాత్రులు కూర్చుని అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. ఆకురాయి శబ్దం పాడవలేదు, అలాగే ఉంది. ఆరో టేపు చివర, నేను ట్రైపాడ్ మడుస్తున్నప్పుడు కెమెరా ఆపడం మర్చిపోయినట్టున్నాను. గచ్చు, ఒక చెక్క ఏనుగు, నా చెప్పులు కనిపిస్తాయి. పెద్దాయన గొంతు వినిపిస్తుంది: “ఇది మాకెప్పుడు చూపిస్తావు బాబూ?” నా గొంతు వెంటనే, ఏ తడబాటూ లేకుండా, “వచ్చే నెల తెస్తానండీ” అంటుంది.

ఆయన ఇప్పుడు లేరు. కొడుకు అదే ఇంట్లో అదే పని చేస్తున్నారని కనుక్కున్నాను. నా వ్యాఖ్యానం మొత్తం తీసేసి, ఆయన మాటలూ ఆకురాయి చప్పుడూ మాత్రమే ఉంచి పదకొండు నిమిషాలకు కుదించాను. వచ్చే ఆదివారం కొండపల్లి వెళ్తున్నాను.