సిద్దిపేట బొమ్మలలో క్షితిజరేఖ ఎక్కడ?

హైస్కూలు డ్రాయింగు పాఠాలలో పర్‌స్పెక్టివ్ అనే అధ్యాయం సాధారణంగా సముద్రపు ఒడ్డున మొదలవుతుంది. కాగితం నడుమ ఒక అడ్డగీత. దానికి పైన ఆకాశం, కింద నీరు. ఆ గీత పేరు క్షితిజరేఖ. పిమ్మట రైలు పట్టాలు వస్తాయి. అవి దూరాన ఒక చుక్కలో కలిసిపోతాయి. ఆ చుక్క పేరు అదృశ్య బిందువు. పాఠం అంతటితో సరి.

సిద్దిపేటలో చదువుకొనే పిల్లవానికి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. రైలు పట్టాలయినా ఆ ఊరికి వచ్చినది 2023లోనే. వాని కళ్ల ఎదుట ఉన్నవి కోమటి చెరువు, కట్ట, బండరాళ్ల గుట్టలు, తాటిచెట్లు. భూమికీ ఆకాశానికీ హద్దు ఏదని అడిగితే వాడు గుట్ట నెత్తిని చూపిస్తాడు. పుస్తకంలో చెప్పినట్లు అదే క్షితిజరేఖ అనుకొని, ఇళ్ల గీతలన్నింటినీ అక్కడికి లాగుతాడు. బొమ్మ చెడిపోతుంది. తప్పు పిల్లవానిది కాదు, నిర్వచనానిది.

క్షితిజరేఖ అంటే భూమ్యాకాశాల హద్దు కాదు; చూచేవాని కంటి మట్టం. ఈ సంగతి తెలుసుకొనటానికి ఒక కిటికీ అద్దం చాలును. అద్దానికి 50 సెంటీమీటర్ల దూరాన ఒక కన్ను మూసి కదలకుండా నిలబడాలి. తెరచిన కన్ను నేలకు 150 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకొందాము. కంటికి 5 మీటర్ల దూరాన నేలమీద ఉన్న రాయి అద్దం మీద కంటి మట్టానికి 15 సెంటీమీటర్లు కింద కనబడుతుంది. 50 మీటర్ల దూరపు రాయి ఒకటిన్నర సెంటీమీటరు కింద. 500 మీటర్ల దూరపు రాయి ఒకటిన్నర మిల్లీమీటరు కింద. సరూప త్రిభుజాలు తెలిసిన తొమ్మిదవ తరగతి విద్యార్థి ఈ లెక్కను తానే కట్టగలడు. దూరం పెరిగినకొద్దీ రాయి కంటి మట్టానికి చేరువ అవుతూనే ఉంటుంది గాని దానిని దాటదు. బాట చక్కగా, సమతలంగా ఉంటే దాని రెండు అంచులూ అద్దం మీద ఒకే చుక్కకు చేరువ అవుతాయి. కంటినుంచి ఆ బాటకు సమాంతరంగా ఒక గీత గీస్తే, అది అద్దాన్ని ఎక్కడ తాకుతుందో అదే ఆ చుక్క. అదృశ్య బిందువుకు ఇంతకన్న గట్టి నిర్వచనం అక్కరలేదు.

ఇటలీలో బ్రునెలెస్కి పదునైదవ శతాబ్దపు తొలి దశకాలలో ఈ రహస్యాన్ని బొమ్మలలో చూపించినాడు. ఆల్బెర్టీ 1435లో దానిని గ్రంథస్థం చేసినాడు. జర్మనీ దేశపు డ్యూరర్ 1525లో అచ్చువేయించిన పుస్తకంలో, అద్దం పలకకు ఎదురుగా కూర్చొని కన్నును ఒకచోట నిలిపి బొమ్మ గీసే చిత్రకారుని చూడవచ్చును. సమాంతర రేఖలు ఏ దిక్కుకు పోతున్నా వాటికొక అదృశ్య బిందువు ఉంటుందనే సంగతిని 1715లో బ్రూక్ టేలర్ అనే ఆంగ్ల గణితవేత్త సాధారణ సూత్రంగా మలచినాడు. చిత్రకారులు మొదలుపెట్టిన పనిని గణితవేత్త ముగించటానికి మూడు శతాబ్దాలు పట్టింది. డ్రాయింగు పీరియడును లెక్కల మాస్టారు అడిగి తీసుకొనే ఆచారం మన బడులలో ఉన్నది కదా; ఈ ఒక్క పాఠానికి మాత్రం ఇద్దరూ కలిసి రావటమే న్యాయం.

భూమి గుండ్రన కదా, కంటి మట్టమూ కనబడే అంచూ ఒకటే ఎట్లా అవుతాయని చురుకైన విద్యార్థి అడగవచ్చును. ప్రశ్న సరియైనదే. కన్ను ఒకటిన్నర మీటరు ఎత్తున ఉంటే సముద్రపు అంచు సుమారు 4.4 కిలోమీటర్ల దూరాన ఉంటుంది; అది కంటి మట్టానికి రెండు మూడు కోణీయ నిమిషాలు మాత్రమే కింద. 50 సెంటీమీటర్ల దూరపు అద్దం మీద అది సెంటీమీటరులో ముప్పయ్యో వంతు, అనగా మొద్దుబారిన పెన్సిలు గీత మందం లోపలే. సముద్రతీరపు పాఠం అందుకే తప్పు కాలేదు. తీరం వదలి లోపలికి వస్తేనే చిక్కు.

చెరువు సంగతి చూడండి. ఎదుటి గట్టు 400 మీటర్ల దూరాన ఉన్నదనీ, కన్ను నీటికి 1.6 మీటర్ల ఎత్తున ఉన్నదనీ అనుకొంటే, ఆవలి నీటి అంచు అద్దం మీద కంటి మట్టానికి 2 మిల్లీమీటర్లు కింద పడుతుంది. నీటి అంచును క్షితిజరేఖగా తీసుకొంటే వచ్చే తప్పు స్వల్పమే. గుట్ట అట్లా కాదు. కంటి మట్టానికి 60 మీటర్లు ఎత్తయిన గుట్ట 2 కిలోమీటర్ల దూరాన ఉంటే, దాని నెత్తి అద్దం మీద ఒకటిన్నర సెంటీమీటరు పైన కనబడుతుంది. 50 మీటర్ల దూరాన ఉన్న ఇంటి విషయంలో ఆ ఒకటిన్నర సెంటీమీటరు ఒకటిన్నర మీటరుకు సమానం. గుట్ట నెత్తిని క్షితిజరేఖగా పట్టుకొన్న పిల్లవాడు నేలమీద నిలబడే, ఆ ఇంటిని మాత్రం మూడు మీటర్ల ఎత్తునుంచి చూచినట్లు గీస్తాడు. చూచేవారికి ఏదో తేడా ఉన్నదని తోస్తుంది గాని ఏమిటో చెప్పలేరు.

సముద్రం లేనిచోట కంటి మట్టాన్ని పట్టుకొనే సాధనం ప్రతి ఊరిలోనూ ఉన్నది. మేస్త్రీలు గోడల మట్టం చూచేందుకు వాడే నీటి గొట్టం అదే. సగం నీళ్లు నింపిన గాజు సీసా అయినా సరే. నీటిపై భాగం అంచుగా మాత్రమే కనబడేటట్లు దానిని కంటి ఎదుట ఎత్తి పట్టుకొంటే, ఆ అంచు వెంట చూచినప్పుడు ఏ గోడను, ఏ చెట్టును తాకుతుందో అక్కడ క్షితిజరేఖ ఉన్నదన్నమాట. గుట్ట అడ్డమున్నా, మబ్బు కమ్మినా దానికి భంగం లేదు.

ఇక పుస్తకాలలో తరచు కనబడే రెండవ పొరపాటు: "దూరం పోయే గీతలన్నీ క్షితిజరేఖ మీద కలుసుకొంటాయి" అనటం. సమతలంగా ఉన్న గీతలకు మాత్రమే ఈ మాట వర్తిస్తుంది. ఎదుట చెరువు కట్ట మీదికి ఎక్కే బాట క్షితిజరేఖకు పైన కలుస్తుంది. కట్ట దిగి పోయే బాట కిందనే కలుస్తుంది. పూరింటి కప్పు వాలు అంచులకూ, మెట్ల వరుసకూ వేరే చుక్కలున్నాయి. అద్దానికి సమాంతరంగా ఉన్న గీతలకు అసలు చుక్కే లేదు. తాటిచెట్లన్నీ నిట్టనిలువుగా నిలబడటానికి కారణం అదే. ఈ సంగతి తెలియక ఇంటి కప్పును కూడా బలవంతాన క్షితిజరేఖకు లాగి కట్టేసిన బొమ్మలు ఎన్నో. ఆ ఇళ్లు ఉరివేసుకొన్నట్లుంటాయి.

గీచి ఉన్న బొమ్మలోనో ఫోటోలోనో క్షితిజరేఖను పట్టుకొనాలంటే, ఇంటి ఒక గోడ మీది సమతల గీతలు రెంటిని పొడిగించి ఒక చుక్కను, పక్క గోడ గీతలతో మరొక చుక్కను సాధించి, ఆ రెంటినీ కలపాలి. సరిచూచుకొనటానికి మనుషులున్నారు. సమతలమైన నేలమీద నిలబడిన సమానమైన ఎత్తుగల మనుషులందరినీ క్షితిజరేఖ ఒకేచోట కోస్తుంది: దగ్గరివానికి భుజం వద్ద తాకితే దూరపువానికీ భుజం వద్దనే తాకాలి. సంత బొమ్మలో ఒకనికి మోకాలి వద్దా, మరొకనికి తలపైనా తాకితే, ఒకడు మరుగుజ్జు అయినా కావాలి, గోతిలో అయినా ఉండాలి.

ఈ పరీక్షను నేడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల నకాశీ పటానికి పెడితే ఏమవుతుంది? పటం పూర్తిగా తప్పుతుంది. ఎర్రని నేపథ్యం, అడ్డంగా పోయే అలంకార పట్టీలతో అంతస్తులుగా విడదీసిన కథ, ప్రధాన పాత్రలు పెద్దవి, పరివారం చిన్నది, మండపం ఎదుటినుంచి, ముఖం పక్కనుంచి చూచినట్లు. పొడిగించటానికి రెండు వాలు గీతలు దొరకటమే కష్టం. దీనిని చూచి "పాపం, వారికి పర్‌స్పెక్టివ్ తెలియదు" అనేవారు కొందరు. "మనది అంతకన్న గొప్ప పద్ధతి" అని రొమ్ము విరిచేవారు కొందరు. ఇద్దరూ పటం ఎందుకు పుట్టినదో అడగరు.

పటం గోడకు తగిలించే వస్తువుగా పుట్టలేదు. ఇంచుమించు మూడడుగుల వెడల్పు, ముప్పయి నలభై అడుగులూ ఆపైనా పొడవు ఉండే ఆ గుడ్డను కొంచెం కొంచెంగా విప్పుతూ, పుల్లతో చూపుతూ కథకులు కథ చెప్పేవారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం, మాదిగలకు డక్కలివారు జాంబపురాణం వినిపించేవారు. వినేవారు ఒకచోట నిలబడిన ఒక కన్ను కాదు, చుట్టూ కూర్చున్న వాడకట్టు.

ఇక్కడ అద్దం లెక్క తిరిగి పనికివస్తుంది. అదృశ్య బిందువుతో గీచిన బొమ్మ ఒక్క చోటునుంచి చూచినప్పుడే అక్షరాలా నిజం. 50 సెంటీమీటర్ల దూరానికి గీచిన బొమ్మను 3 మీటర్ల దూరాన కూర్చొని చూస్తే, అద్దానికి ఆవల ఉన్న లోతు లెక్కప్రకారం ఆరు రెట్లు సాగుతుంది. పది అడుగుల వాకిలి అరవై అడుగులవుతుంది. పక్కన కూర్చున్నవానికి ఆ వాకిలి ఒక వైపుకు ఒరిగిపోతుంది. మనస్సు ఇటువంటి తేడాలను చాలావరకు సర్దుకొంటుందనేది నిజమే. లేకపోతే సినిమా హాలులో పక్క సీట్లు అమ్ముడుపోవు. అయినా నూరుమందికి ఒకేసారి చూపించే బొమ్మకు ఒంటికంటి సత్యం వల్ల కలిగే లాభం తక్కువ. ఎవరు ఎవరో, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఏ మూలనుంచి చూచినా తెలియాలి. దూరాన ఉన్నాడని రాజును చీమంత చేస్తే కథ సాగదు.

ఐనా ఈ వాదాన్ని అంతులేకుండా సాగదీయరాదు. నేడు చేర్యాలలో ఫ్రేము కట్టటానికి తయారయ్యే చిన్న పటాలకు కథకుడూ లేడు, వాడకట్టూ లేదు; ఇంటి గదిలో ఒకరిద్దరు చూస్తారు. వాటిని సమర్థించటానికి పాత కారణం చెల్లదు. రంగుల పొందిక, గీత బిగువు చూచి వాటి విలువ కట్టాలి.

1925లో సిద్దిపేటలో పుట్టి 2012లో మరణించిన కాపు రాజయ్యగారి చిత్రాలు ఇంతకన్న ఆసక్తికరమైన ప్రశ్న వేస్తాయి. నకాశీవారి పద్ధతిని తెలిసి, కావాలని తమ చిత్రాలలోకి తెచ్చుకొన్న ఆధునిక చిత్రకారులు వారు. బోనాలు, బతుకమ్మ, పల్లె స్త్రీలు వారికి ప్రియమైన విషయాలు. ఇటువంటి జానపద ఫణితిలో లోతును రెండు ఉపాయాలతో చూపుతారు: ముందు మనిషి వెనుక మనిషిని కొంత కప్పటం, వెనుకవారి పాదాలను పటంలో కొంచెం పైన ఉంచటం. రెండవ ఉపాయం మొదట చెప్పిన రాళ్ల లెక్కలోనిదే. దూరపు రాయి పైకి పోయింది. 15 సెంటీమీటర్ల నుంచి ఒకటిన్నరకు వచ్చింది. పర్‌స్పెక్టివ్‌లో రెండు భాగాలున్నాయి: పైకి పోవటం ఒకటి, చిన్నవి కావటం మరొకటి. జానపద చిత్రకారుడు మొదటి సగాన్ని ఉంచుకొని రెండవ సగాన్ని వదలివేసినాడు.

వదలివేస్తే గణితం చెడుతుందా? చెడదు. కన్నును వెనుకకూ పైకీ జరుపుతూ పోతే, దగ్గరివారికీ దూరంవారికీ పరిమాణంలో తేడా తగ్గుతూ వస్తుంది. కన్ను అనంత దూరానికి పోయినప్పుడు తేడా పూర్తిగా పోతుంది. సమాంతర రేఖలు బొమ్మలో కూడా సమాంతరంగానే ఉంటాయి. అప్పుడు క్షితిజరేఖ ఏమయినట్లు? పటం పై అంచును దాటి అందనంత దూరం పోయింది. కనుక ఇటువంటి చిత్రాలలో క్షితిజరేఖ లేదనటం కంటె, అది పటంలో పట్టలేదనటం సరియైన మాట. నేలను పైనుంచీ, అదే నేలమీది మనిషిని పక్కనుంచీ చూపటం మాత్రం ఏ ఒక్క కంటికీ సాధ్యం కాదు. అక్కడ గణితం చేతులెత్తేస్తుంది; చిత్రకారుడు తన బాధ్యత మీద ముందుకు పోతాడు.

సిద్దిపేట గొల్లభామ చీర అంచున తలమీద కుండతో నిలిచిన బొమ్మనూ ఈ వరుసలో చేర్చవచ్చును. పడుగుపేకల గళ్లలో ఎక్కే ఆ గొల్లభామలు వరుసగా అందరూ ఒకే ఎత్తు. చివరి ఆమెను చిన్నదిగా నేయమని ఎవరూ అడగరు.

బతుకమ్మ ఆడే స్త్రీల వలయాన్ని గీయమంటే, పల్లె పిల్లలు చాలామంది బతుకమ్మను నడుమ నిలిపి, చుట్టూ స్త్రీలందరినీ సమాన పరిమాణంలో గీస్తారు. ఆ బొమ్మ కింద ఎర్రసిరాతో "పర్‌స్పెక్టివ్ లేదు" అని వ్రాసే ముందు ఉపాధ్యాయుడు ఒక విషయం తేల్చుకొనాలి: తాను అడిగినది కంటికి కనబడినది గీయమనా, జరిగినది చెప్పమనా? మొదటిది అడిగి ఉంటే మార్కులు తగ్గించవచ్చును. సీసా నీళ్లతో కంటి మట్టం చూపించి మళ్లీ గీయమనవచ్చును. రెండవది అడిగి ఉంటే, పిల్లవాడు ఆటలో ఎందరున్నారో, ఎటు తిరుగుతున్నారో, నడుమ ఏమున్నదో ఒక్కటీ దాచకుండా చెప్పినాడు.

అదే పిల్లవాడు రెండేళ్ల తరువాత పాలిటెక్నిక్‌లో చేరవచ్చును. అక్కడ యంత్ర భాగాన్ని ముందుచూపు, పైచూపు, పక్కచూపు అని విడివిడిగా గీయమంటారు. 1822లో కేంబ్రిడ్జి ఆచార్యుడు విలియం ఫారిష్ వివరించిన ఐసోమెట్రిక్ పద్ధతిలో కూడా గీయమంటారు. ఈ బొమ్మలన్నీ అనంత దూరపు కంటితో చూచినవే. కొలబద్ద పెట్టి కొలతలు తీసుకొనటానికి వీలుగా సమాంతర రేఖలు సమాంతరంగానే ఉండాలి. అందులో వెనుక అంచును కొంచెం చిన్నది చేసి గీతలను ఒక చుక్కకు లాగితే అక్కడి మాస్టారు మార్కులు తీసివేస్తారు.